ఎక్కడెక్కడ వెతికావు?

అక్క అనంతపురం జిల్లాలోని ఒక పల్లెలో అంగన్‌వాడీ టీచరు. ఆరు నెలలకోసారి ఏఎన్‌ఎం, అంటే ఊరి ఆరోగ్య కార్యకర్త, సీసా పట్టుకుని వస్తుంది. ఐదేళ్లలోపు పిల్లలను ఇంటింటికీ తిరిగి పోగుచేయడం, ఏడ్చేవాళ్లను ఊరడించడం, ఒక్కొక్కరికీ చెంచాతో పచ్చటి విటమిన్-ఎ ద్రవం పోయించి పేరు ఎదురుగా టిక్కు పెట్టడం అక్క వంతు. తొమ్మిదో నెలలో తట్టు టీకాతో పాటు ఒక మిల్లీలీటరు, ఆ తర్వాత ఐదేళ్లు నిండేదాకా రెండేసి మిల్లీలీటర్లు. మొత్తం తొమ్మిది మోతాదులు.

పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు అడిగింది. "తమ్ముడూ, ఈ మందు వల్ల పిల్లల చావులు తగ్గుతాయని మాకు శిక్షణలో చెప్పారు. మొన్న ఒక పిల్లవాడి తల్లి ఫోనులో ఏదో చూపించింది. పది లక్షల మంది పిల్లల మీద పరీక్ష చేస్తే లాభమేమీ లేదని తేలిందట. నువ్వు పరిశోధన చేసినవాడివి కదా, ఏది నిజం?"

శిక్షణలో చెప్పిన మాటకు ఆధారం ఉంది. ఆ తల్లి చూపించినదానికీ ఆధారం ఉంది. ఆ రాత్రి నేను తడుముకుంటూ ఏదో చెప్పాను. సరిగ్గా చెప్పడానికి ఇంత రాయవలసి వస్తోంది.

మన దేశంలో ఈ మందు మొదలైంది ప్రాణాలు కాపాడటానికి కాదు, చూపు కాపాడటానికి. రేచీకటితో మొదలై నల్లగుడ్డు కరిగి పిల్లలు శాశ్వతంగా గుడ్డివాళ్లయ్యే రోజులవి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగా 1970లో కేంద్ర ప్రభుత్వం ఈ కార్యక్రమం ప్రారంభించింది. చావుల మాట తర్వాత వచ్చింది. 1986లో అమెరికన్ కంటి వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ సోమర్ బృందం ఇండోనేషియాలోని ఆచే ప్రాంతంలో 450 గ్రామాల్లో చేసిన పరీక్ష ఫలితం ప్రకటించింది. విటమిన్-ఎ అందిన ఊళ్లలో పిల్లల మరణాలు 34 శాతం తక్కువ. రెండు చుక్కల మందుతో చావుల్లో మూడో వంతు ఆపవచ్చంటే ఎవరు ఊరుకుంటారు? వెంటనే అనేక దేశాల్లో పరీక్షలు మొదలయ్యాయి.

1990లో దక్షిణ భారతం నుంచే రెండు ఫలితాలు వచ్చాయి. తమిళనాడులో 15 వేలకు పైగా పిల్లలకు వారం వారం చిన్న మోతాదు ఇచ్చి చూస్తే మరణాలు 54 శాతం తగ్గాయి. హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో, దాదాపు అంతే సంఖ్యలో పిల్లలకు, జాతీయ పోషకాహార సంస్థవారు ఆరు నెలలకోసారి పెద్ద మోతాదు ఇచ్చి చూస్తే మరణాల్లో తేడా కనిపించలేదు. రెండూ పేరున్న పత్రికల్లోనే అచ్చయ్యాయి. రెండింటినీ చేసినవాళ్లు పని తెలిసినవాళ్లే. మరుసటి ఏడాది నేపాల్‌లో 30 శాతం తగ్గుదల కనిపించింది. ఆపైన సూడాన్‌లో ఏమీ కనిపించలేదు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. 1992లో ఒక వ్యాసకర్త విటమిన్-ఎను సమర్థిస్తూ రాయదలిస్తే ఆచే, తమిళనాడు, నేపాల్ పేర్లు చెప్పి ముగించవచ్చు. వ్యతిరేకించదలిస్తే హైదరాబాద్, సూడాన్ చాలు. ఇద్దరూ ఒక్క అబద్ధం కూడా ఆడరు. ఇద్దరి వ్యాసాల కిందా మూలాల పట్టిక ఉంటుంది. చదివిన మనం మాత్రం మోసపోతాం.

నేను నా థీసిస్‌లో చేసింది అచ్చంగా ఇదే. రెండో అధ్యాయం పూర్వ పరిశోధనల సమీక్ష. మా సీనియర్ల థీసిస్‌లు ముందు పెట్టుకుని, వాళ్లు ఉదహరించిన పత్రాల్లో దొరికినవి చదివి, నా వాదానికి ఒదిగినవి వరుసగా పేర్చాను. "ఫలానా వారు ఇలా అన్నారు, ఫలానా వారు ఇలా కనుగొన్నారు" అంటూ ముప్పై పేజీలు నిండాయి. మౌఖిక పరీక్షకు వచ్చిన పెద్దాయన ఆ అధ్యాయం తిరగేసి, కోపం లేకుండా ఒకే ప్రశ్న అడిగారు. "బాగుంది. ఎక్కడెక్కడ వెతికారు? దొరికినవాటిలో దేన్ని వదిలేశారు, ఎందుకు వదిలేశారు?" నా దగ్గర జవాబు లేదు. అలాంటి ప్రశ్న ఒకటి ఉంటుందని కూడా నాకు అప్పటిదాకా తెలియదు. పట్టా వచ్చింది, కానీ ఆ ప్రశ్న నన్ను వదలలేదు. తర్వాత రెండేళ్లు నేను ఒక క్రమబద్ధ సమీక్ష బృందంలో పనిచేయడానికి కారణం అదే.

క్రమబద్ధ సమీక్ష అంటే ఆ పెద్దాయన అడిగిన రెండు ప్రశ్నలకు ముందే జవాబు రాసిపెట్టి చేసే సమీక్ష. దాని పద్ధతి గురించి ఎంత చెప్పినా నా దృష్టిలో సారం ఇంతే. ప్రశ్న ఏమిటి, ఎలాంటి అధ్యయనాలను తీసుకుంటాం, ఎలాంటివాటిని తీసుకోం, ఏ ఫలితాన్ని కొలుస్తాం అన్నవి వెతకడం మొదలుపెట్టకముందే రాసుకోవాలి. రాసుకున్నది నలుగురికీ కనిపించేలా నమోదు చేయాలి. ఇందుకోసం ఇంగ్లండులోని యార్క్ విశ్వవిద్యాలయం 2011 నుంచి ప్రాస్పెరో అనే చిట్టా నడుపుతోంది. ఫలితాలు చూశాక నియమాలు మార్చుకుంటే పట్టుబడాలన్నదే దాని ఉద్దేశం.

ఆ తర్వాతి పని బయటివాళ్లకు కనిపించదు. మా బృందంలో నాకు మొదట అప్పగించింది శీర్షికలు చదవడం. పబ్‌మెడ్ వంటి నాలుగైదు పరిశోధన పత్రాల భాండాగారాల్లో వెతికితే వేల శీర్షికలు వచ్చి పడ్డాయి. ఒక్కొక్కటి చదివి ఉంచాలా, తీసేయాలా అని గుర్తు పెట్టాలి. అదే పట్టికను మరొక సహచరురాలు, నా గుర్తులు చూడకుండా, వేరే ఊళ్లో కూర్చుని చదివేది. వారాంతంలో ఇద్దరి గుర్తులూ పక్కపక్కన పెట్టేవాళ్లం. పొసగని చోట మాట్లాడుకోవాలి. తెగకపోతే మూడో మనిషి చెప్పింది వినాలి. మొదటి వారం మా ఇద్దరికీ ఎన్ని చోట్ల పొసగలేదో చూసి నేను నిర్ఘాంతపోయాను. ఒకే నియమాలు, ఒకే శీర్షికలు, ఇద్దరం శ్రద్ధగా చదివినవాళ్లమే. ఒక్కడినే చదివి ఉంటే ఆ తప్పులన్నీ ఎవరికీ తెలియకుండా నా సమీక్షలో సత్యాలుగా కుదురుకుని ఉండేవి. ఇద్దరు చదవాలన్న నియమం ఎందుకో పాఠ్యపుస్తకంలో చదివితే నాకు తలకెక్కలేదు. ఆ పట్టిక చూశాక ఎక్కింది.

వడకట్టాక మిగిలిన పత్రాలను పూర్తిగా చదివి, ఒక్కొక్కదానిలో మొగ్గు, అంటే ఫలితాన్ని ఒక వైపుకు లాగే లోపం, ఎక్కడ చొరబడి ఉండవచ్చో తూచాలి. ఏ పిల్లవాడికి ఏ మందు అన్నది నిజంగా చీటీ తీసినట్టే నిర్ణయించారా? మందు ఇచ్చేవాడికి అది అసలుదో, పోలికకు ఇచ్చే మందు లేని నకలుదో తెలుసా? మధ్యలో తప్పుకున్నవాళ్లు ఎందరు? ఉదాహరణకు ఆచే పరీక్షలో మందు ఇవ్వని ఊళ్లకు నకలు మందు కూడా ఇవ్వలేదు. ఇలాంటివి రాసిపెట్టుకున్నాకే అంకెలను కలపడం. ఆ కలిపే గణితానికి మెటా అనాలిసిస్ అని 1976లో అమెరికన్ గణాంకవేత్త జీన్ గ్లాస్ పేరు పెట్టారు గానీ పని అంతకన్నా పాతది. 1904లోనే ఇంగ్లండు గణాంకవేత్త కార్ల్ పియర్సన్ మన దేశంలోనూ దక్షిణాఫ్రికాలోనూ ఉన్న బ్రిటిష్ సైనికుల టైఫాయిడ్ టీకా లెక్కలను కలిపి చూశాడు.

కలపడమంటే చేతులెత్తించి లెక్కపెట్టడం కాదు. మూడు పరీక్షలు అవునన్నాయి, రెండు కాదన్నాయి కాబట్టి అవునే గెలిచిందనడం పంచాయతీ తీర్పు. చిన్న పరీక్షలో తేడా కనిపించకపోతే తేడా లేదని అర్థం కాదు, దాన్ని పట్టుకునేంత సంఖ్య లేదని కావచ్చు. అందుకే ప్రతి పరీక్షకూ దాని నిశ్చయతను బట్టి బరువు ఇస్తారు. 1993లో విటమిన్-ఎ పరీక్షలను ఇలా కలిపితే తేలింది 23 శాతం తగ్గుదల. హైదరాబాద్ ఫలితాన్ని ఎవరూ తప్పని కొట్టేయలేదు. దానికి ఇవ్వవలసిన బరువు ఇచ్చి లెక్కలో కూర్చోబెట్టారు. ఆ మర్యాద నాకు చాలా నచ్చుతుంది.

ఈ పని ఎవరో ఒకరు చేయాలని వైద్యులను నిలదీసిన మనిషి బ్రిటిష్ వైద్యుడు ఆర్చీ కాక్రన్. ప్రతి విభాగంలోనూ అన్ని పరీక్షలనూ కూడగట్టి, విమర్శనాత్మకంగా సంగ్రహించి, ఎప్పటికప్పుడు సవరించుకునే ఏర్పాటు చేసుకోకపోవడం వైద్యవృత్తి చేసిన పెద్ద లోపమని ఆయన 1979లో రాశారు. ఇలాంటి సమీక్షలు చేయడానికి ఆయన పేరుతోనే 1993లో కాక్రన్ సంస్థ ఏర్పడింది. దాని చిహ్నంలో ఒక నిలువు గీత, దానికి అటూ ఇటూ కొన్ని అడ్డగీతలు ఉంటాయి. అలంకారం అనుకునేరు. నెలలు నిండకుండా ప్రసవం అయ్యేలా ఉన్న తల్లులకు స్టెరాయిడ్ సూది వేస్తే బిడ్డ బతుకుతుందా అన్న ప్రశ్న మీద జరిగిన పరీక్షలవి. మొదటిది 1972లో న్యూజిలాండ్ నుంచి లిగిన్స్, హౌవీలు ప్రచురించింది. ఒక్కో అడ్డగీత ఒక్కో పరీక్ష. చాలావాటిని విడిగా చూస్తే ఏదీ తేలదు. కలిపి చూస్తే బిడ్డలు బతుకుతున్నారని స్పష్టం. అది కలిపి చూపించే సరికి 1990 దగ్గరపడింది. 1972 నుంచి అప్పటిదాకా ఎందరో వైద్యులు ఆ చవకైన సూది వేయలేదు. వేసి ఉంటే బతికి ఉండే బిడ్డల గురించి ఆలోచిస్తే ఈ విషయం చదువుకున్నవాళ్ల పద్ధతుల గొడవలా అనిపించదు.

ఇప్పుడు ఆ తల్లి ఫోనులో చూపించిన పరీక్ష. దాని పేరు దేవ్‌తా. ఉత్తరప్రదేశ్‌లో లక్నో చుట్టుపక్కల 72 బ్లాకుల్లో, పది లక్షల మంది పిల్లల మీద, ఐదేళ్ల పాటు జరిగింది. లోకంలో ఇంత పెద్దది అంతకుముందు జరగలేదు. 8,338 అంగన్‌వాడీ కేంద్రాల ద్వారా, అంటే మా అక్కలాంటి వాళ్ల చేతుల మీదుగానే మందు వెళ్లింది. తేలిన తగ్గుదల 4 శాతం. అది కూడా నిశ్చయంగా ఉందని చెప్పలేని 4 శాతం. పరీక్ష 2004లో ముగిసింది. ఫలితం అచ్చయింది 2013లో. మధ్యలో తొమ్మిదేళ్లు ప్రపంచం విటమిన్-ఎ గురించి నిర్ణయాలు తీసుకుంటూనే ఉంది. ఆలస్యానికి కారణాలు ఏవైనా, ఇంత పెద్ద సమాధానం అంతకాలం పత్రికకెక్కకపోవడం అన్యాయమని నా అభిప్రాయం.

దేవ్‌తా రాకముందు, 2011 నాటి క్రమబద్ధ సమీక్ష చెప్పింది 24 శాతం తగ్గుదల. దేవ్‌తాను కూడా కలిపాక 2017 నాటి కాక్రన్ సమీక్ష చెప్పింది 12 శాతం. 19 పరీక్షలు, 12 లక్షల మంది పిల్లలు. అందులో అత్యధికులు దేవ్‌తా పిల్లలే. చాలామంది ఇక్కడితో చదవడం ఆపేస్తారు. ఆపకుండా ఇంకో వాక్యం చదివితే అసలు విషయం కనిపిస్తుంది. లెక్క కట్టే పద్ధతి మార్చితే అదే సమీక్షలో, అవే పరీక్షలతో, తగ్గుదల మళ్లీ 24 శాతం అవుతుంది.

ఎందుకంటే రెండు పద్ధతుల వెనుక రెండు నమ్మకాలున్నాయి. విటమిన్-ఎ ప్రభావం లోకమంతటా ఒకటే, పరీక్షల మధ్య తేడా యాదృచ్ఛికం అనుకుంటే పెద్ద పరీక్షదే పైచేయి. దేవ్‌తా తన బరువుతో మొత్తాన్ని కిందికి లాగుతుంది. అలా కాదు, ఆచే పిల్లవాడికీ లక్నో పిల్లవాడికీ ఆ మందు చేసే మేలు వేరు వేరుగా ఉంటుంది, మనం వెతికేది వాటి సగటు అనుకుంటే చిన్న పరీక్షల మాటకూ విలువ పెరుగుతుంది. ఏ నమ్మకం సరైనదో గణితం చెప్పదు. తిండి, తట్టు టీకా, విరేచనాలు, ఆస్పత్రి దూరం తెలిసినవాళ్లు వాదించుకుని తేల్చుకోవాలి.

నేను నిలబడేది ఇక్కడే. క్రమబద్ధ సమీక్షను సాక్ష్యాల గోపురం మీద కలశంలా గీసి పిల్లలకు పాఠం చెబుతున్నారు. అన్నిటికంటే పైన ఉంది కాబట్టి అది చెప్పిందే తుది మాట అన్నట్టు. అది తప్పు, హానికరం కూడా. సమీక్ష గొప్పదనం దాని చివర్న ఉన్న అంకెలో లేదు. ఆ అంకె దాకా వచ్చిన దారి మొత్తం మన కళ్ల ముందు పరిచి ఉండటంలో ఉంది. 12 ఎక్కడ 24 అవుతుందో వాళ్లే చెప్పారు కాబట్టే నేను ఇవాళ వాళ్లతో తగవు పడగలుగుతున్నాను. నా థీసిస్ రెండో అధ్యాయంతో ఎవరూ తగవు పడలేరు. అందులో పట్టుకోవడానికి పిడి లేదు.

దారి కనిపిస్తే చదువరి ఏం చేయగలడో ఒక ఉదంతం చెబుతాను. 2009లో స్వైన్ ఫ్లూ భయంతో ప్రభుత్వాలు టామీఫ్లూ అనే ఫ్లూ మందు మాత్రలు గిడ్డంగుల్లో నింపుకుంటున్నాయి. అది ఫ్లూ ముదరకుండా ఆపుతుందని అప్పటి కాక్రన్ సమీక్ష కూడా ఒప్పుకుంది. జపాన్‌కు చెందిన కెయిజి హయాషి అనే పిల్లల వైద్యుడు ఆ సమీక్ష చదివి ఒక అభ్యంతరం పంపారు. మీ మాటకు ఆధారం 2003 నాటి ఒక్క పత్రం, అది పది పరీక్షలను కలిపింది, వాటిలో రెండే పత్రికల్లో అచ్చయ్యాయి, మిగతా ఎనిమిదింటిని మీరు చూశారా అని. సమీక్షకులు చూడలేదు. చూడలేదని ఒప్పుకుని, కంపెనీ దగ్గరి పూర్తి నివేదికల కోసం ఏళ్ల తరబడి పోరాడి రప్పించుకున్నారు. వాటిని చదివి 2014లో చెప్పిన మాట ఇది. పెద్దవాళ్లలో జ్వర లక్షణాలు ఏడు రోజులకు బదులు 6.3 రోజుల్లో తగ్గుతాయి. ఆస్పత్రిలో చేరికలు తగ్గుతాయనడానికి సరైన ఆధారం లేదు. ఒక వైద్యుడు మూలాల పట్టికను ఓపికగా లెక్కపెట్టడంతో ఇదంతా మొదలైంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. క్రమబద్ధ సమీక్ష అని పేరు పెట్టుకున్నంత మాత్రాన క్రమం రాదు. కరోనా కాలంలో ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు మాత్ర మీద వచ్చిన సమీక్షలు గుర్తున్నాయా? ప్రాణాలు నిలుస్తాయని కొన్ని ఘనంగా చెప్పాయి. గోవా ప్రభుత్వం 2021 మేలో పెద్దవాళ్లందరికీ ఆ మాత్రలు ఇస్తామంది. ఆ సమీక్షల లెక్కలో ఈజిప్టు నుంచి వచ్చిన ఒక అచ్చుకాని పత్రం కూడా ఉంది. అందులోని వివరాల మీద తీవ్రమైన అనుమానాలు రావడంతో 2021 జూలైలో దాన్ని వెనక్కి తీసుకున్నారు. అలాంటివి తీసేసి మళ్లీ లెక్కిస్తే కనిపించిన లాభం కరిగిపోయింది. కుళ్లిన వంకాయను ఎన్ని మంచి వంకాయలతో కలిపి వండినా కూర చెడుతుంది. ఇక పట్టాల కోసం, పదోన్నతుల కోసం ఒకే ప్రశ్న మీద పదేపదే వెలువడే సమీక్షల గురించి వైద్య పరిశోధనల తీరును పరిశీలించే జాన్ ఐయోనిడిస్ 2016లోనే హెచ్చరించారు. మన విశ్వవిద్యాలయాల్లోనూ ఈ గాలి వీస్తోంది. ప్రయోగశాల అక్కర్లేదు, కంప్యూటర్ చాలు, ఆరు నెలల్లో పత్రం వస్తుంది అని విద్యార్థులకు సలహా ఇస్తున్నారు. అలాంటి సలహా ఇచ్చేవాళ్లను ఒక్కటే అడగాలనిపిస్తుంది. రెండో మనిషి ఎవరు? శీర్షికలు చదివే రెండో మనిషి.

మరో లోటు నన్ను ఇంకా ఎక్కువ బాధిస్తుంది. భాండాగారాల్లో వెతకడమంటే ఆచరణలో ఇంగ్లీషులో వెతకడమే. మన దగ్గర జరిగిన పని ఎంతో థీసిస్‌లుగా బీరువాల్లో ఉండిపోయింది. మన థీసిస్‌లను ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగ వచ్చాక పరిస్థితి కొంత మెరుగైంది, నిజమే. అయినా శోధ్‌గంగ తెరవకుండానే "భారతదేశంలో ఆధారాలు లభించలేదు" అని రాసేవాళ్లున్నారు. లభించలేదనడానికీ లేవనడానికీ ఎంత దూరమో వెతికినవాడికే తెలుస్తుంది.

అక్కకు ఇటీవల ఫోనులో అరగంట చెప్పాను. మీ శిక్షణలో చెప్పింది పాత పరీక్షల సారం, ఆ తల్లి చూపించింది ఒక్క పరీక్ష, అన్నీ కలిపితే మేలు ఉందనే తేలుతోంది, ఎంత మేలన్నదే వాదన అన్నాను. విటమిన్-ఎ లోపం ఎక్కువున్న చోట మేలు ఎక్కువ, లేని చోట తక్కువ ఉండటం సహజం. బడి ఈడు రాని పిల్లల్లో 20 శాతం గానీ అంతకు మించి గానీ లోపం ఉన్న చోట ఈ మందు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 2016-18 జాతీయ పోషణ సర్వేలో మన దేశంలో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో కనిపించింది 18 శాతం. గీతకు ఆనుకుని ఉన్నాం. అందరికీ ఇవ్వాలా, లోపమున్న ప్రాంతాల్లోనే ఇవ్వాలా అని పెద్దవాళ్లు తర్కించుకుంటున్నారు. తేల్చేదాకా నువ్వు నీ పని మానకు అన్నాను.

అంతా విని అడిగింది. "ఆ ఎనిమిది వేల కేంద్రాల్లో మందు నిజంగా పిల్లల నోట్లో పడిందా అని ఎవరైనా చూశారా?"

సోమర్ వంటి నిపుణులు దేవ్‌తా మీద లేవనెత్తిన ప్రధాన అభ్యంతరం అదే. కొందరు పిల్లల రక్తం పరీక్షించి, కంట్లో మచ్చలు చూసి, మందు అందిన బ్లాకుల్లో లోపం తగ్గిందని దేవ్‌తావాళ్లు జవాబిచ్చారు. ఈ సంగతి చెప్పాను. అక్క కాసేపు ఏమీ అనలేదు. తర్వాత తన రిజిస్టరు తెరిచి, మందు అందని పిల్లల పేర్ల పక్కన పెన్సిలుతో రాసుకున్నవి చదివి వినిపించింది. బెంగళూరు పోయారు, ఇటుకల బట్టీ. అమ్మమ్మగారి ఊరు. జ్వరం, మళ్లీ రమ్మన్నాం. బెంగళూరు. బెంగళూరు. ఇవి పైకి పంపుతావా అని అడిగాను. పంపే కాగితంలో వీటికి గడి లేదంది.